డోర్టన్ అరీనా, రాలీ: పైకప్పుకి అయిదు మార్కులు, సౌండుకి రెండు

అమెరికాలోని నార్త్ కరోలినా రాజధాని రాలీలో, ఏటా స్టేట్ ఫెయిర్ అనే తిరునాళ్ళు జరిగే మైదానంలో, బ్లూ రిడ్జ్ రోడ్డు మీద ఉన్న గాజుగోడల హాలు డోర్టన్ అరీనా. రాలీ పక్కనే ఉన్న కేరీ, మోరిస్‌విల్‌లలో ఉండే మనవాళ్ళు అక్టోబరులో పిల్లల్ని తీసుకుని ఫెయిర్‌కి వెళ్ళినప్పుడు దీని పక్కనుంచే నడుస్తారు. చాలామంది ఆగరు. జెయింట్ వీలు దగ్గర లైను పెరుగుతోందన్న కంగారు వాళ్ళది.

ఆగి చూడాల్సిన కట్టడం ఇది. 1952లో పూర్తయింది. తీగల వల మీద కప్పు పరిచి, అది ఏళ్ళ తరబడి నిలిచేలా కట్టిన పెద్ద హాళ్ళలో ప్రపంచంలోనే మొదటివాటిలో ఒకటి. రూపం ఊహించిన మనిషి మాచెయ్ నోవిత్స్కి. పోలండ్ నుంచి వచ్చి రాలీలో పాఠాలు చెప్పిన ఆర్కిటెక్టు, అమెరికా వాళ్ళ నోట మాథ్యూ అయ్యాడు. పని మొదలయ్యేలోపే, నలభయ్యో ఏట, విమాన ప్రమాదంలో పోయాడు.

సమీక్ష కాబట్టి తీర్పు ముందే. చూడటానికైతే తప్పకుండా వెళ్ళండి. ఉగాది ప్రోగ్రాముకో, దీపావళికో అద్దెకి తీసుకుందామనుకుంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. గొప్పతనమూ తలనొప్పీ రెండూ ఆ కప్పులోంచే వస్తాయి, అందుకని ముందు దాని సంగతి.

రెండు కాంక్రీటు కమానులు. ఒక్కోటీ పారాబోలా ఆకారంలో, అంటే విసిరిన బంతి గాల్లో గీసే వంపులా ఉంటుంది. రెండిటినీ ఎదురెదురుగా నిలిపి బయటివైపుకి వాల్చారు. నడినెత్తిన ఎత్తు 90 అడుగులు. కేరీలో వెంకటేశ్వరస్వామి గుడి ముందు 2022లో లేచిన గోపురం 87 అడుగులు కాబట్టి, అది చూసినవాళ్ళకి అంచనా సులువే. కాకపోతే గోపురం ఎత్తు చూడగానే తెలుస్తుంది. ఇక్కడ కమాను పక్కలకి పరుచుకుని ఉంటుంది గనక ఎత్తు వెంటనే కంటికి ఆనదు. ఈ రెండు కమానులూ కిందికి దిగుతూ, నేలకి 20 అడుగుల పైచిలుకు ఎత్తులో ఒకదాన్నొకటి దాటి, అవతలి పక్కన భూమిలోకి దిగుతాయి. హాలుకి రెండు కొసల్లోనూ ఇలాగే. లోపలికి వెళ్ళే దారులు కూడా ఆ కొసల్లోనే పెట్టారు.

బయటికి వాలిన కమాను వెనక్కి పడిపోవాలి. పడకుండా దాన్ని లాగి పట్టుకున్నది ఎదుటి కమాను. మధ్యలో లాగుతున్నవి ఉక్కు తీగలు. నులక మంచం అల్లడం చూసినవాళ్ళకి ఇందులో కొత్త ఏమీ లేదు: నులక లాగుడులో ఉంటుంది, పట్టెలు నొక్కుడులో ఉంటాయి, నులక బిగించేకొద్దీ పట్టెలు లోపలికి వంగబోతాయి. మంచం పట్టె తిన్నగా ఉంటుంది కాబట్టి దాన్ని లావుగా పెట్టాలి. నోవిత్స్కి పట్టెనే వంచేశాడు. వంపు సరిగ్గా కుదిరితే తీగల లాగుడంతా కమాను పొడవునా నొక్కుడుగా మారి పాదాలదాకా దిగిపోతుంది. నొక్కుడు భరించడంలో కాంక్రీటుకి ఎదురులేదు. లాగుడు భరించడంలో ఉక్కు తీగకి ఎదురులేదు. ఏ పదార్థానికి చేతనైన పని దానికి అప్పజెప్పాడన్నమాట. అంత వెడల్పు హాలులో మధ్య ఒక్క స్తంభం కూడా అక్కర్లేకపోవడం ఇందువల్లే.

తీగలు రెండు రకాలు. కమాను నుంచి కమానుకి వేలాడేవి మధ్యలో కిందికి దిగి ఉంటాయి, కప్పు బరువు మోసేవి ఇవి. వాటి మీదుగా అడ్డంగా పోయేవి మధ్యలో పైకి ఉబ్బి ఉంటాయి, వాటి పని వేరు. గాలి కప్పుని పైకి ఎత్తబోతే అదిమి పట్టాలి. ఒక దిక్కున చూస్తే లోయ, ఇంకో దిక్కున చూస్తే గుట్ట. దీన్నే గుర్రపు జీను ఆకారం అంటారు. రెండు రకాల తీగలూ ఒకదాన్నొకటి బిగిస్తూ ఉండటం వల్లే కప్పు గుడారంలా కొట్టుకోకుండా నిలుస్తుంది. మీద పరిచింది మడతల ఉక్కు రేకు. వాన నీరు కూడా ఈ ఆకారం చెప్పినట్టే వింటుంది: ఉబ్బిన దిక్కున జారి, కమానులు దాటుకునే రెండు కొసలకే పోతుంది.

పాదాల దగ్గర ఇంకో లెక్క ఉంది. కమాను ఎప్పుడూ పాదాల్ని బయటికి తోస్తూనే ఉంటుంది. నేల కొంచెం జారినా పైన తీగలు వదులవుతాయి, వదులైతే కప్పు ఊగుతుంది. అందుకని పాదాల్ని భూమి లోపల సొరంగాల్లో, ముందే బిగించిన ఉక్కు తీగలతో కలిపి కట్టారు. చూడటానికి వెళ్ళినవాళ్ళకి ఇది కనపడదు. కానీ పైన కనపడేదంతా దీని దయే.

గాజుగోడ సంగతికి వస్తే, కప్పు బరువు దాని మీద లేదు. చుట్టూ దగ్గర దగ్గరగా ఉన్న సన్నటి ఉక్కు స్తంభాలు కమానుకి దన్నుగా ఉంటాయి, వాటి మధ్యే అద్దాలు బిగించారు. కమాను కిందికి దిగేకొద్దీ స్తంభాలు పొట్టివవుతూ వస్తాయి. బయట నిలబడి ఆ వరసని ఒక కొస నుంచి ఇంకో కొసదాకా చూడండి. ఈ హాలుని ఫొటో తీసేవాళ్ళు చాలావరకూ మొత్తం కట్టడాన్ని ఒకే ఫ్రేములో ఇరికించాలని చూస్తారు. ఆ పని కంటే దాటు దగ్గర, రెండు కమానులూ నెత్తిమీద కలిసే చోట నిలబడి పైకి తీసిన ఫొటో బాగా వస్తుంది. మొత్తం ఆకారం కావాలంటే కొసకి ఎదురుగా వెనక్కి జరగాలి, అప్పుడు రెండు కమానులూ చెరో పక్కకి విడిపోవడం, మధ్య కప్పు కిందికి సాగడం ఒకేసారి కనిపిస్తాయి. పక్కనుంచి తీస్తే ఒక్క కమానే కనిపించి మామూలు స్టేడియంలా ఉంటుంది. సాయంత్రం లోపల దీపాలు వెలిగాక అద్దాల వెనక స్తంభాల వరస స్పష్టంగా తేలుతుంది.

ఇక లోపాలు. మొదటిది గాలి. తేలిక కప్పుకి ఇది పుట్టుకతో వచ్చే జబ్బు. కాంక్రీటు శ్లాబుని గాలి ఏమీ చేయలేదు, దాని బరువే దానికి కాపలా. తీగల మీద రేకు వేసిన కప్పుకి ఆ కాపలా లేదు. వంపు బాగా ఉన్న చోట రెండు రకాల తీగలూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి గానీ, వంపు తగ్గి చదునుగా ఉన్న చోట పట్టు సడలుతుంది, అక్కడే కప్పు అదరడం మొదలవుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు ఫ్రెడ్ సెవెరుడ్ దీనికి చేసిన మందు: కప్పు తీగల నుంచి చుట్టూ ఉన్న స్తంభాలకి లోపలివైపు సన్నటి తీగలు దింపి, వాటికి స్ప్రింగులు తగిలించడం. స్ప్రింగే ఎందుకంటే, ఎండకి సాగి చలికి ముడుచుకునే కప్పుకి కాస్త కదలిక ఉండాలి. కడ్డీతో బిగిస్తే ఆ కదలిక కడ్డీనో, బిగింపునో తినేస్తుంది. స్ప్రింగు నెమ్మది కదలికని సాగనిచ్చి, అదురుని మింగుతుంది. అప్పటికి ఇలాంటి కప్పుల లెక్కకి కంప్యూటర్లు లేవని గుర్తుంచుకుంటే సెవెరుడ్ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది. నిజానికి ఈ కట్టడం పేరు చెప్పినప్పుడల్లా నోవిత్స్కి ఒక్కడి పేరే చెప్పడం అన్యాయం. ఆయన పోయాక నమూనాని నిలబెట్టిన రాలీ ఆర్కిటెక్టు విలియం హెన్లీ డీట్రిక్‌కీ, సెవెరుడ్‌కీ సగం వాటా రాసివ్వాలి. డీట్రిక్ ఆఫీసు రాలీలో మోర్గన్ స్ట్రీటు మీద ఒక పాత వాటర్ ట్యాంకు టవరులో ఉండేది, ఆ టవరు ఇప్పటికీ ఉంది. ఓపిక ఉంటే అదీ చూసి రావచ్చు.

రెండో లోపం సౌండు, అద్దెకి తీసుకునేవాళ్ళని ఏడిపించేది ఇదే. కోడిగుడ్డు ఆకారపు హాలు, చుట్టూ గాజు, కింద గట్టి నేల. గాజు శబ్దాన్ని పీల్చదు, తిప్పి కొడుతుంది. అందులోనూ వంపు తిరిగిన గాజుగోడ శబ్దాన్ని చెదరగొట్టకుండా పోగుచేసి మధ్యకి విసురుతుంది. పశువుల పోటీల్లో న్యాయనిర్ణేత రెండు ముక్కలు మైకులో చెప్తే ఇది పెద్ద ఇబ్బంది కాదు. మొదట కట్టింది ఆ పోటీల కోసమే. కానీ కూచిపూడిలో నట్టువాంగం తాళం, మృదంగం, పాట ఒకదాని మీద ఒకటి పడితే వెనక వరసలకి ముద్దగా వినిపిస్తుంది. నాటకం డైలాగులైతే మరీను.

తప్పదు, ఇక్కడే చేయాలి అనుకుంటే ఇవి పాటించండి. స్టేజికి రెండు పక్కలా రెండు పెద్ద స్పీకర్లు పెట్టి వాల్యూము పెంచే పద్ధతి ఇక్కడ పనికిరాదు, పెంచినకొద్దీ గాజు నుంచి తిరిగొచ్చే శబ్దమే పెరుగుతుంది. చిన్న స్పీకర్లు ఎక్కువ పెట్టి, ఒక్కోటీ సీట్ల మీదికి కిందికి వంచి, గాజు మీద శబ్దం పడకుండా చూడాలి. దూరంగా ఉన్నవాటికి డిలే పెట్టాలి, అంటే స్టేజి నుంచి వచ్చే శబ్దంతో కలిసేలా కాస్త ఆలస్యంగా మోగించాలి. స్టేజి వెనకా పక్కలా మందపాటి తెరలు కట్టాలి. మాట్లాడేవాళ్ళకి తలకి తగిలించుకునే మైకులు ఇవ్వండి. పైనుంచి వేలాడదీసేవీ, స్టేజి అంచున పెట్టేవీ ఊళపెడతాయి. ఖాళీ హాల్లో సౌండు చెక్ చేసినప్పుడు గోల ఎక్కువగానే ఉంటుంది, జనం నిండితే కొంత తగ్గుతుంది. కొంతే.

స్టేజి ఎక్కడ వేయాలన్నది ఇంకో ప్రశ్న. సీట్లు రెండు అర్ధచంద్రాలుగా, ఒక్కో కమాను కింద ఒక్కోటి, ఎదురెదురుగా ఉంటాయి. కమాను ఎత్తుగా ఉన్న నడిమి భాగంలోనే వరసలు ఎక్కువ. అంటే అందరి చూపూ సహజంగా హాలు మధ్యకి పోతుంది. బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ, పశువుల పోటీ, ఏదైనా సరే మధ్యలో జరిగితే ఇంతకంటే మంచి హాలు దొరకదు. రాలీ ఐస్‌క్యాప్స్ హాకీ జట్టు 1990ల్లో ఇక్కడే ఆడింది. కచేరీకి మాత్రం చాలామంది అలవాటుగా ఒక కొసన స్టేజి వేస్తారు. దాంతో రెండు పక్కల సీట్లవాళ్ళూ మూడు గంటలసేపు మెడ పక్కకి తిప్పి కూర్చోవాలి. ఒక అర్ధచంద్రాన్ని పూర్తిగా వదిలేసి, దాని ముందు స్టేజి వేసి, ఎదుటి అర్ధచంద్రం వైపు తిప్పితే సగం సీట్లు పోతాయి గానీ మిగిలిన సగం తిన్నగా చూస్తారు. హాలు మొత్తానికి 7,600 మంది దాకా పడతారు కాబట్టి తెలుగు సంఘం ప్రోగ్రాముకి సగమే ఎక్కువ.

పగటిపూట ప్రోగ్రాము అయితే ప్రొజెక్టరు మాట మర్చిపోండి. నాలుగు వైపులా వెలుతురు, తెర మీద బొమ్మ వెలిసిపోతుంది. ఎల్‌ఈడీ గోడే పెట్టాలి. ఎండాకాలం అద్దెకి తీసుకుంటే, మీరు పిలిచే జనానికి ఏసీ సరిపోతుందో లేదో కాగితం మీద అడిగి తెలుసుకోండి, గాజు అంటే వేడి కూడా. ఫెయిర్ జరిగే అక్టోబరులో హాలు ఎలాగూ దొరకదు. నగల స్టాళ్ళు, చీరల స్టాళ్ళు, తిండి స్టాళ్ళు, కబడ్డీ, వాలీబాల్, క్యారమ్స్ టోర్నమెంటు లాంటివాటికి మాత్రం కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఎక్కడా స్తంభం అడ్డురాని నేల, పట్టపగలు దీపం అక్కర్లేని వెలుతురు, చుట్టూ కావలసినంత పార్కింగు. మాట్లాడాల్సింది రాష్ట్ర వ్యవసాయ శాఖ కింద ఉన్న ఫెయిర్‌గ్రౌండ్స్ ఆఫీసుతో.

ఇన్ని వంకలున్న హాలుకి ఇంత పేరెందుకంటే, తర్వాత వచ్చినవాటిని చూడాలి. జర్మనీలో తీగల కప్పులకి గురువనిపించుకున్న ఫ్రై ఒట్టో, కుర్రవాడిగా 1950 ప్రాంతంలో న్యూయార్కులో సెవెరుడ్ ఆఫీసుకి వెళ్ళినప్పుడు ఈ హాలు నమూనా చూశాడు. ఆ చూపు పోయి పోయి 1972 మ్యూనిక్ ఒలింపిక్ కప్పుల దగ్గర తేలింది. యేల్ యూనివర్సిటీలో ఆర్కిటెక్టు ఈరో సారినెన్ గీసిన హాకీ రింకుకి కూడా ఇంజనీరు సెవెరుడే. రాలీలోనే, నోవిత్స్కి పాఠాలు చెప్పిన డిజైన్ స్కూలుకే ఆయన తర్వాత వచ్చిన అర్జెంటీనా ఆర్కిటెక్టు ఎడువర్డో కాటలానో 1954లో చెక్క పలకలతో జీను ఆకారపు కప్పు వేసి ఇల్లు కట్టుకున్నాడు. దాన్ని 2001లో కూల్చేశారు. డోర్టన్‌కి ఆ గతి పట్టకపోవడానికి ఒక కారణం, అది 1973 నుంచి జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో ఉండటం. దానికంటే పెద్ద కారణం ఏటా ఫెయిర్‌కి అవసరం ఉండటం.

నోవిత్స్కి గురించి కొంచెం చెప్పుకోవాలి. 1910లో సైబీరియాలోని చితాలో పుట్టాడు. తండ్రి దౌత్య ఉద్యోగి కావడంతో చిన్నప్పుడు కొన్నాళ్ళు షికాగోలో ఉన్నాడు. చదువు వార్సా పాలిటెక్నిక్‌లో, 1936లో బయటికొచ్చాడు. భార్య స్టానిస్లావా కూడా ఆర్కిటెక్టే, ఇద్దరూ కలిసి పోస్టర్లు గీశారు, పోటీలకి డిజైన్లు పంపారు. యుద్ధకాలంలో జర్మన్లు కాలేజీలు మూసేస్తే వార్సాలో రహస్యంగా పాఠాలు చెప్పాడు. 1945లో, శిథిలమైన ఆ ఊరి నడిబొడ్డుని మళ్ళీ ఎలా కట్టాలో ప్లాను గీశాడు. తర్వాత పోలండ్ ప్రభుత్వం తరఫునే అమెరికా వచ్చాడు. 1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి భవనం డిజైను చర్చల్లో పోలండ్ ప్రతినిధిగా కూర్చున్నాడు. ఆ చర్చల్లోనే ఫ్రాన్స్‌లో పేరుపొందిన ఆర్కిటెక్టు లె కొర్బూజియే కూడా ఉన్నాడు. స్వదేశంలో రాజకీయం మారేసరికి తిరిగి వెళ్ళకుండా అమెరికాలోనే ఉండిపోయాడు.

1948లో హెన్రీ కాంఫోఫ్నర్ రాలీలో కొత్తగా డిజైన్ స్కూలు పెడుతుంటే, నగరాల గురించి రాసే విమర్శకుడు ల్యూయిస్ మంఫర్డ్ సిఫారసుతో నోవిత్స్కి ఆర్కిటెక్చర్ విభాగం బాధ్యత తీసుకున్నాడు. అక్కడ ఉన్నది రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో పాఠ్య ప్రణాళిక తయారుచేశాడు, డీట్రిక్‌తో ఫెయిర్ హాలు గీశాడు, సారినెన్‌తో బ్రాండైస్ యూనివర్సిటీ ప్లానుకి పనిచేశాడు. ఆకారం పనిని బట్టి వస్తుందన్న ఆనాటి ఆర్కిటెక్టుల నమ్మకాన్ని వదిలేసి, ఆకారం ఇంకో ఆకారాన్ని బట్టి వస్తుందని రాశాడు. పశువుల పోటీకి కట్టిన హాలులో హాకీ, కచేరీలు, కొట్లు అన్నీ జరుగుతున్న తీరు చూస్తే ఆ వాదనలో పస ఉందనే ఒప్పుకోవాలి. సౌండు విషయంలో మాత్రం పనిని కాస్త తలుచుకుని ఉంటే బాగుండేది.

ఆయన కథలో మన దేశానికి సంబంధించిన భాగం 1950లో. తూర్పు పంజాబ్ కొత్త రాజధాని చండీగఢ్‌కి ప్లాను గీసే పని అమెరికా ప్లానరు ఆల్బర్ట్ మేయర్‌కి వచ్చింది. మేయర్ నోవిత్స్కిని తోడు తెచ్చుకున్నాడు. ప్లాను ఆకు ఆకారంలో ఉండేది: రాజధాని భవనాలు తలకట్టులో, రోడ్లు ఈనెల్లా వంపులు తిరుగుతూ, మధ్య సూపర్‌బ్లాకులు, అంటే లోపల పెద్ద రోడ్లు లేని ఇళ్ళ పేటలు. నోవిత్స్కి బజారు ఎలా ఉండాలి, చిన్న జీతగాడి ఇల్లు ఎలా ఉండాలి అని చేత్తో బొమ్మలు గీశాడు. అమెరికాకి తిరిగి వెళ్తుండగా ఆగస్టు 31న, ఆయన ఎక్కిన, బొంబాయి నుంచి న్యూయార్కు వెళ్ళే టీడబ్ల్యూఏ విమానం కైరోలో లేచిన కొద్దిసేపటికే కూలిపోయింది. 55 మందీ చనిపోయారు. కట్టడం దగ్గరుండి చూసుకోవాల్సిన మనిషి లేకపోయేసరికి పంజాబ్ అధికారులు యూరప్‌లో వేరే ఆర్కిటెక్టుల కోసం వెతికారు, పని లె కొర్బూజియే చేతికి పోయింది. ఆయన వచ్చాక వంపులు పోయి రోడ్లు చాలావరకూ తిన్నగా అయ్యాయి. తలకట్టులో రాజధాని, నడుమ వాణిజ్యం, బ్లాకులుగా విడిపోయిన ఇళ్ళు మాత్రం పాత ప్లాను నుంచి వచ్చినవే. చండీగఢ్ గురించి మన పేపర్లు రాసినప్పుడల్లా ఈ ఇద్దరి పేర్లూ ఎగిరిపోతుంటాయి. స్టానిస్లావా ఆ తర్వాత పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది.

రాలీ హాలు చూడటానికి ఫెయిర్ దాకా ఆగక్కర్లేదు. అక్టోబరు తప్ప మిగతా నెలల్లో శని, ఆదివారాలు ఆ మైదానంలో సంత జరుగుతుంది. ప్రవేశం ఉచితం, పార్కింగు ఉచితం. బయట చుట్టూ తిరిగి చూడటానికి ఎవరూ అడ్డుపెట్టరు. లోపలికి వెళ్ళాలంటే అందులో ఏదో ఒక ప్రదర్శన ఉన్న రోజు చూసుకోవాలి. కేరీ నుంచి కారులో పావుగంట, ఇరవై నిమిషాలు. పక్కనే బ్లూ రిడ్జ్ రోడ్డు మీదే రాష్ట్ర ఆర్ట్ మ్యూజియం ఉంది గనక రెండూ ఒకే పూటలో అవుతాయి. ఇండియాలో ఉన్నవాళ్ళు చండీగఢ్ వెళ్తే సెక్టార్ 10లో ఆర్కిటెక్చర్ మ్యూజియానికి వెళ్ళండి. మేయర్, నోవిత్స్కిల ఆకు ప్లాను, లె కొర్బూజియే ప్లాను రెండూ అక్కడే ఉన్నాయి. సోమవారం సెలవు.